మిషన్ స్కూల్ ఇంటర్వ్యూకి "విద్య గురించి నా ఆలోచన" రాసుకురమ్మన్నారు, ఏం రాయాలి?

సుద్దముక్క – సోమవారం, రాత్రి 9:40

అందరికీ వందనాలు. బీఈడీ మ్యాథ్స్ చేసి మూడేళ్ళు ఒక కార్పొరేట్ స్కూల్లో పనిచేశాను. ఇప్పుడు గుంటూరు జిల్లాలో ఒక మిషన్ హైస్కూల్లో పోస్టు పడితే అప్లై చేశాను. డెమో క్లాసు బాగానే జరిగింది. తర్వాత కరెస్పాండెంట్ గారు పిలిచి, "క్రైస్తవ టీచరుగా చదువు గురించి నీ ఆలోచనేంటో రెండు పేజీలు రాసుకురామ్మా" అన్నారు.

నెట్‌లో వెతికి, బీఈడీ నోట్సు కలిపి రాసుకెళ్ళాను. సామెతలు 22:6తో మొదలుపెట్టి సర్వతోముఖాభివృద్ధి, విలువలతో కూడిన విద్య, గురువు దీపంలాంటివాడు... అన్నీ పెట్టాను. ఆయన మొత్తం చదివి, కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి, "ఇందులో నీ క్లాసు ఎక్కడుందమ్మా?" అని అడిగారు. శుక్రవారం లోపు మళ్ళీ రాసుకురమ్మన్నారు.

మాది అమ్మమ్మ కాలం నుంచి లూథరన్ సంఘం. ఆదివారం సండే స్కూల్ చెప్తాను. కానీ సోమవారం నుంచి శనివారం దాకా చెప్పే లెక్కలకీ నా విశ్వాసానికీ సంబంధం ఏంటంటే నోరు పెగలట్లేదు. అసలు ఉందా?

కృప_బ్రదర్ – సోమవారం, రాత్రి 9:58

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. టెన్షన్ పడకండి. సామెతలు 1:7, "యెహోవాయందు భయభక్తులు కలిగియుండుట తెలివికి మూలము". ఇది పెట్టండి. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం, పిల్లలకు అభ్యసింపజేయమన్న మాట పెట్టండి. చివర ప్రార్థనతో ముగించండి. అయిపోయింది.

సుద్దముక్క – సోమవారం, రాత్రి 10:05

బ్రదర్, ఆ రెండూ పెట్టే తీసుకెళ్ళాను.

పాతబడి_పంతులు – మంగళవారం, ఉదయం 5:30

అమ్మా, నేను మిషన్ స్కూల్లో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మీ కరెస్పాండెంట్ అడిగింది మంచి ప్రశ్న. వాక్యాలు ఎవరైనా రాస్తారు. నీకు బాగా కోపం వచ్చిన రోజు క్లాసులో ఏం చేశావో రాయి. నీ తత్వం అదే.

మా తాత దోర్నకల్ డయాసిస్‌లో, అంటే అక్కడి బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతంలో, పల్లె పంతులు. అజరయ్య గారు 1912లో అక్కడ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆ రోజుల్లో పల్లెల్లో బడి పంతులూ, సంఘం చూసుకునే మనిషీ ఒక్కరే. పగలంతా పశువుల వెంట తిరిగే పిల్లలకి మా తాత రాత్రిళ్ళు లాంతరు కింద అక్షరాలు దిద్దించేవాడట. తత్వం అనే మాట ఆయన ఎప్పుడూ పలికి ఉండడు. "మాల మాదిగ పిల్లోడు సంతకం పెడితే కరణం కుర్చీలో కదులుతాడు" అనేవాడని మా నాన్న చెప్పేవాడు. నాకు తెలిసినంతలో క్రైస్తవ విద్య మీద అంతకన్నా చిన్న వ్యాసం లేదు.

ఎక్స్_ప్లస్_వై – మంగళవారం, ఉదయం 7:12

నేనూ మ్యాథ్సే, ప్రైవేట్ హైస్కూల్, ఒంగోలు. క్రైస్తవుడినే. కానీ ఒక మాట సూటిగా అంటాను, ఏమనుకోవద్దు. ఇలాంటివి రాయమంటే అందరూ చివరికి యేసు చెప్పిన తప్పిపోయిన గొర్రె ఉపమానం దగ్గరికే వస్తారు. తొంభై తొమ్మిదిని వదిలి ఒక్కదాని కోసం వెళ్ళాలి, వెనక బెంచీ పిల్లాడే ముఖ్యం అని. వినడానికి బాగుంటుంది. నా క్లాసులో 58 మంది. పీరియడ్ 45 నిమిషాలు. అటెండెన్సుకి ఐదు నిమిషాలు పోతుంది. నేను ఒక్కడి దగ్గర కూర్చుంటే మిగతా 57 మందిని ఎవరు చూస్తారు? సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? ఉపమానంలో ఇన్‌స్పెక్షన్ లేదు, పేరెంట్స్ మీటింగ్ లేదు.

గొర్రెలోళ్ళ_మనవడు – మంగళవారం, ఉదయం 8:03

మాస్టారూ, నేను టీచర్ని కాదు, క్రైస్తవుణ్ణి కూడా కాదు. మా తాత మాచర్ల దగ్గర గొర్రెలు కాసేవాడు, సెలవుల్లో నేనూ వెంట తిరిగాను. అందుకే మీ 57 మంది మాట చదివి ఆగలేకపోయాను.

గొర్రె తప్పిపోతే కాపరి అప్పటికప్పుడు మందనొదిలి పరిగెత్తడు. మధ్యాహ్నం మంద నీళ్ళు తాగి చెట్టు కింద చేరుతుంది. తలకాయలు ఒకదాని కడుపు కింద ఒకటి పెట్టి నిలబడి నెమరేస్తాయి. ఆ గంటా గంటన్నర అవి కదలవు. పక్కమంద వాడికి "కాస్త చూస్తుండు మామా" అని చెప్పి అప్పుడు వెతకడానికి వెళ్తాడు. పక్కమంద వాడికి తప్పిపోతే ఈయన వీటితో పాటు వాటినీ చూస్తాడు. ఇద్దరు కాపర్లుంటేనే వెతకడం కుదురుతుంది. స్కూల్లో కూడా అంతేనేమో?

ఇంకోటి. సాయంత్రం మందని లెక్కపెట్టేది వేళ్ళతో కాదు. దొడ్డి తడికె దగ్గర నిలబడి మొహాలు చూస్తాడు. "కుంటిది రాలేదు" అంటాడు. 99 వచ్చాయి అనడు.

ఎక్స్_ప్లస్_వై – మంగళవారం, ఉదయం 8:20

ఇది మాత్రం పాయింటే. మా స్టాఫ్ రూంలో "నా సెక్షన్ చూస్తావా పావుగంట" అని ఒక్కరిని అడగలేను. అడిగినా హెచ్.ఎం. ఒప్పుకోరు.

సర్కారు_బడి_టీచర్ – మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్), మండల పరిషత్ ప్రైమరీ స్కూలు. లంచ్ బెల్లులో రాస్తున్నా.

సుద్దముక్క గారూ, మీరు మిషన్ స్కూల్లో చేరబోతున్నారు కాబట్టి ప్రేయర్ చేయించొచ్చు, వాక్యం చెప్పొచ్చు. నాకు అది కుదరదు. రాజ్యాంగం 28వ ఆర్టికల్ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ ఖర్చుతో నడిచే బడిలో మత బోధన ఉండకూడదు. ఉండకూడదనే నేనూ అంటాను. నా క్లాసులో అన్ని ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. వాళ్ళ అమ్మానాన్నలు నన్ను నమ్మి పంపింది అక్షరాల కోసం.

మరి నా విశ్వాసం ఎక్కడుంది అంటే? రాత్రి పడుకునే ముందు అటెండెన్స్ రిజిస్టర్ వరసలో 23 పేర్లు గుర్తు చేసుకుంటాను, అంతే నా ప్రార్థన. ఏదో ఒక పేరు దగ్గర ఆగిపోతాను. ఈ రోజు వాడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదని తెలుస్తుంది. మర్నాడు పొద్దున వాడి దగ్గరికే ముందు వెళ్తాను. వాడికి ఎందుకో తెలీదు. తెలియాల్సిన పని లేదు.

నిజమే_మాట్లాడదాం – మంగళవారం, మధ్యాహ్నం 3:47

అందరూ కన్నీళ్ళు పెట్టించేలా రాస్తున్నారు. ఒక తండ్రిగా అడుగుతున్నా. మేం హిందువులం. మా పాప మిషన్ స్కూల్లో ఎనిమిదో తరగతి. చదువు బాగుంది, ఫీజు తక్కువ, అందుకే వేశాం. కానీ క్రైస్తవ టీచరు, క్రైస్తవ తత్వం అంటే చివరికి పిల్లల్ని మతంలోకి లాగడమేనా? బందరు నోబుల్ కాలేజీ కథ మా తాతగారు చెప్పేవారు, పిల్లలు బాప్తిస్మం తీసుకున్నారని ఊరంతా బడి మానిపించారట.

పాతబడి_పంతులు – మంగళవారం, సాయంత్రం 6:10

అయ్యా, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. దాటేయను.

నోబుల్ దొర 1843లో బందరులో ఆ స్కూలు పెట్టాడు. విద్యార్థులు కొందరు బాప్తిస్మం తీసుకున్నాక బడి ఖాళీ అయిన మాట నిజమే. దాంతోపాటు ఇంకో నిజం కూడా చెప్పాలి. పై కులాల పిల్లలు రావాలని ఆయన మొదట్లో అంటరాని కులాల పిల్లల్ని బళ్ళో చేర్చుకోలేదు. సువార్త కోసం వచ్చినవాడే కులం ముందు తలవంచాడు. ఆ కాలేజీ వల్ల ఆంధ్రదేశానికి జరిగిన మేలు కొండంత, నేను కాదనను. కానీ మన చరిత్రను మనం మొత్తం చదవాలి. జాషువా గారు గుంటూరులో లూథరన్ వాళ్ళ ట్రైనింగ్ స్కూల్లో తెలుగు చెప్పారు. అంతటి కవిని కులం పేరుతో ఎంత అవమానించారో ఈ నేల మీద అందరికీ తెలుసు. పలక మీద ప్రతి మనిషీ దేవుని స్వరూపం అని రాయించి, మంచినీళ్ళ దగ్గర వేరే గ్లాసు పెట్టిన చోట్లు నా చిన్నతనంలోనూ ఉన్నాయి.

ఇక మీ పాప సంగతి. ప్రభుత్వ గుర్తింపో, ఎయిడో ఉన్న బడిలో మీ అనుమతి లేకుండా ఆ పిల్లని మత బోధనకి కూర్చోబెట్టకూడదు. అదీ 28వ ఆర్టికల్లోనే ఉంది. హెడ్‌మాస్టర్‌కి ఒక ఉత్తరం రాసివ్వండి. నేనైతే నా సర్వీసులో ఒక్క పిల్లవాణ్ణి కూడా "మీ దేవుడు" అని వేలెత్తి మాట్లాడలేదు. మార్కులు చేతిలో ఉన్నవాడు మతం గురించి మాట్లాడితే అది బోధ కాదు, బెదిరింపు.

కృప_బ్రదర్ – మంగళవారం, సాయంత్రం 6:44

అంకుల్, మరీ అంత భయపడుతూ బతకాలా? సాక్ష్యం చెప్పొద్దా? ఇంకొక విషయం, ఇవాళ రేపు పిల్లలు పాడైపోయేది క్రమశిక్షణ లేక. "బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి." సామెతలు 13:24. ఇది వాక్యం కాదా? మా చిన్నప్పుడు మాస్టార్లు కొట్టబట్టే ఈ రోజు ఇలా ఉన్నాం.

ఎక్స్_ప్లస్_వై – మంగళవారం, సాయంత్రం 6:50

ఇలా ఉన్నాం అంటే ఎలా ఉన్నాం బ్రదర్ :)

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చదవండి. పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం. మైనారిటీ స్కూళ్ళకి ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీం కోర్టు చెప్పింది కదా అని ఎవరైనా అంటారేమో. చట్టం పట్టుకోదు కాబట్టి కొడతాం అనేటట్టయితే గేటు మీద సిలువ ఎందుకు?

పాతబడి_పంతులు – బుధవారం, తెల్లవారుజామున 4:50

బెత్తం మాట వచ్చింది కాబట్టి నిద్ర పట్టలేదు. ఇది ఇంతవరకు మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

సర్వీసులో చేరిన నాలుగో ఏడు. అప్పట్లో నా టేబుల్ మీద చింతబరికె ఉండేది. ఏడో తరగతిలో ఒకడు వరసగా మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చాడు, హోంవర్క్ లేదు. చెయ్యి చాపమన్నాను. చాపాడు. రెండు దెబ్బలు వేశాను. వాడు ఏడవలేదు. చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటున్నాడు. మొండితనం అనుకుని ఇంకోటి వేశాను. పక్కనున్న పిల్ల లేచి, "సార్, వాడు మూడు రోజుల్నించి మిరపకాయ కోతకి పోయాడు సార్, చేతులు మండుతున్నాయి" అంది.

మార్చి నెల. పల్నాట్లో మిరప కోతలంటే ఏంటో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. రాత్రి అన్నం కలుపుకోవడానికి కూడా చెయ్యి పనికిరాదు, మజ్జిగలో ముంచి కూర్చుంటారు. వాడు ఊదుకుంటున్నది నా దెబ్బకి కాదు, నా దెబ్బకి ముందునుంచే మండుతున్న మంటకి.

నేను బీఈడీలో తత్వవేత్తలందర్నీ చదివాను. ఆదివారం సంఘంలో ప్రసంగం కూడా చెప్పేవాణ్ణి. వాడి చేతులు ముందుగా చూడలేదు. అంతకన్నా నా దగ్గర చెప్పడానికేం లేదు. ఆ బరికె మధ్యాహ్నం అన్నం వండే పొయ్యిలో పెట్టాను.

గొర్రెలోళ్ళ_మనవడు – బుధవారం, ఉదయం 7:25

పంతులు గారూ, నమస్కారం.

కర్ర గురించి ఒక మాట. మా తాత చేతిలో ఎప్పుడూ దోటి ఉండేది, చివర కొక్కెం ఉన్న పొడుగాటి కర్ర. నేను చూసినన్నాళ్ళు దాంతో గొర్రెని కొట్టడం చూళ్ళేదు. తుమ్మకొమ్మ వంచి కాయలు రాల్చడానికి వాడేవాడు. గొర్రెలకి అందని ఎత్తులో ఉన్న మేతని కిందకి తెచ్చేది ఆ కర్రే. కుక్కనో నక్కనో అదిలించడానికి కూడా. మీ బైబిల్లో ఉన్న కర్ర ఏదో నాకు తెలీదు, మీరే చెప్పాలి.

సర్కారు_బడి_టీచర్ – బుధవారం, ఉదయం 8:40

ఇరవైమూడో కీర్తనలో ఉందండీ. "నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును." చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. కర్ర ఆదరించడమేంటో ఈ రోజు మీరు చెప్తే అర్థమైంది.

డల్లాస్_అక్క – బుధవారం, ఉదయం 9:30

వందనాలు. మాది తెనాలి, ఇక్కడ డల్లాస్‌లో ఒక క్రిస్టియన్ స్కూల్లో ఆరో తరగతికి చెప్తాను. ఇక్కడి క్రిస్టియన్ స్కూళ్ళలో అప్లై చేసేటప్పుడు ఇలాంటి స్టేట్‌మెంట్ అడగడం మామూలే, నేను మూడుసార్లు రాశాను. సుద్దముక్కా, ఒక జాగ్రత్త చెప్పనా? లెక్కల పాఠానికి వాక్యం అతికించకు. మా దగ్గర ఒకాయన కూడికలన్నీ ఐదు రొట్టెలు, రెండు చేపలతో చేయించేవాడు. పిల్లలకి లెక్కా రాలేదు, రొట్టెల కథా విసుగెత్తింది.

బీఈడీ నోట్సుల్లో ఒక్క పేరాతో సరిపెట్టేసే ఒకాయన ఉన్నాడు, కొమీనియస్. 1592లో మొరావియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో పుట్టాడు. చిన్న ప్రొటెస్టెంట్ సంఘానికి బిషప్. యుద్ధాల్లో ఊరు పోయింది, భార్యాబిడ్డలు పోయారు, బతుకంతా పరదేశాల్లోనే. 1656లో లెష్నో పట్టణం తగలబడినప్పుడు ఏళ్ళ తరబడి రాసుకున్న కాగితాలు కాలిపోయాయి. రెండేళ్ళకి, 1658లో, పిల్లల కోసం బొమ్మల పాఠ్యపుస్తకం అచ్చేయించాడు. బొమ్మ, దాని పక్కన లాటిన్‌లో, జర్మన్‌లో మాటలు. ఈ రోజు మన ఒకటో తరగతి వాచకంలో "ఆ" పక్కన ఆవు బొమ్మ ఉందంటే అలాంటి పుస్తకాల దారి వేసినవాళ్ళలో ఆయనొకడు.

ఆయన లెక్క సింపుల్. ప్రతి బిడ్డా దేవుని పోలిక అయితే, పేద ధనిక, ఆడ మగ అని ఎంచడానికి నువ్వెవరు? అందరికీ చెప్పాల్సిందే. పిల్లలకి అర్థం కాలేదంటే చెప్పే పద్ధతి మార్చు. అప్పటి బళ్ళని పిల్లల బుర్రల్ని నరికే కబేళాలు అన్నాడు. విశ్వాసం ఆయన్ని బొమ్మ గీయించేదాకా తీసుకెళ్ళింది, నాకు నచ్చింది అది.

ఎక్స్_ప్లస్_వై – బుధవారం, ఉదయం 10:02

అక్కా బాగుంది. లెక్కల్లో విశ్వాసం ఎక్కడుంది అని సుద్దముక్క గారు అడిగారు కదా, నాకు తోచింది చెప్తా. రెండు చోట్ల ఉంది. బోర్డు మీద నేను తప్పు చేసి, మూడో బెంచీ పిల్ల "సార్ అక్కడ మైనస్" అంటే, "అవునమ్మా, నువ్వే రైట్" అని అందరి ముందు చెరిపి దిద్దడం. హోదా ఏదైనా తప్పు తప్పే. రెండోది ఇంకా కష్టం. మా దగ్గర ఎఫ్.ఏ. (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులు చాలామంది స్టాఫ్ రూంలో కూర్చుని, టీ తాగుతూ, వరసగా 17, 18, 17, 19 వేసేస్తారు. పేపర్లు దిద్దకుండానే. నేనూ వేశాను, రెండేళ్ళు. పొద్దున అసెంబ్లీలో "సత్యమేవ జయతే", మధ్యాహ్నం ఇది. దీని గురించి ఏ క్రైస్తవ టీచరూ ఏ ఫిలాసఫీలోనూ రాయగా నేను చూడలేదు.

కృప_బ్రదర్ – బుధవారం, ఉదయం 10:30

పంతులు గారి మిరపకాయ సంగతి చదివాను. బెత్తం గురించి నేను రాసిన ఆ రెండో భాగం వెనక్కి తీసుకుంటున్నా. మా అబ్బాయి ఐదో తరగతి. నిన్న రాత్రి కూడా కొట్టాను.

సుద్దముక్క – గురువారం, రాత్రి 11:20

అందరూ రాసినవి రెండుసార్లు చదివాను. ఇది డ్రాఫ్టు. తిట్టాలనుంటే ఇప్పుడే తిట్టండి, రేపు మధ్యాహ్నం ఇవ్వాలి.

"గత ఏడాది ఆరో తరగతి ఆఖరి సెక్షన్ నాది. ఆ స్కూల్లో ర్యాంకుల్ని బట్టి సెక్షన్లు. మొదటి సెక్షన్‌కి ఏసీ గది. ఆఖరి సెక్షన్ పక్కన సైకిల్ స్టాండ్. వాళ్ళ మీద టైం వేస్ట్ చేయొద్దని మీటింగులో చెప్పారు. నేను తలూపాను.

స్లిప్ టెస్టులో 156ని 12తో భాగించమని ఇచ్చాను. ఒక అమ్మాయి అరపేజీ నిండా రాసింది. 156లోంచి 12 తీసేసింది, 144. మళ్ళీ 12 తీసేసింది, 132. అలా సున్నా వచ్చేదాకా. పక్కన ఒక్కో తీసివేతకి ఒక్కో గీత. గీతలు లెక్కపెట్టి 13 అని రాసింది. నేను పేజీ మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టి సున్నా వేశాను, భాగహారం పద్ధతి కాదని. తర్వాత ఎప్పుడో నోటుబుక్కులు సర్దుతుంటే మళ్ళీ కనిపించింది. జవాబు కరెక్టు. అంతకన్నా ముఖ్యం, భాగహారం అంటే ఏమిటో ఆ పిల్లకి నిజంగా తెలుసు. పద్ధతి చేయగలిగిన చాలామందికి తెలీదు. ఆ ఆలోచన ఎవరూ నేర్పలేదు, తనే కనిపెట్టుకుంది. దేవుడు తన పోలికలో చేశాడని నేను ఆదివారం చెప్పే మాట, గురువారం నా ముందుకి అరపేజీ కాగితం మీద వస్తే గుర్తుపట్టలేకపోయాను.

నా విద్యా తత్వం అంటూ ఏమైనా ఉంటే ఆ కాగితం దగ్గర మొదలవుతుంది. తప్పు అని రాసే ముందు ఆ పిల్ల ఏం అనుకుందో చదువుతాను. ఎవర్నీ కొట్టను. దిద్దని పేపరుకి మార్కులు వేయను. అన్ని మతాల పిల్లలకీ ఒకే టీచర్‌ని. ఇవన్నీ చేయగలనని గ్యారంటీ ఇవ్వలేను, 58 మంది ఉంటే నాకూ విసుగొస్తుంది. పక్క క్లాసు టీచరు పావుగంట నా పిల్లల్ని చూస్తే, నేనూ ఆవిడ పిల్లల్ని చూస్తాను. ఇందుకు స్కూలు ఒప్పుకోవాలని కోరుతున్నాను."

ఎక్స్_ప్లస్_వై – గురువారం, రాత్రి 11:41

ఆ చివరి వాక్యం తీసేయకండి, ఎవరేమన్నా సరే. "దేవుడు తన పోలికలో..." అనే వాక్యం కాస్త పొడుగైంది, రెండు చేయండి.

డల్లాస్_అక్క – గురువారం, రాత్రి 11:50

నేను రాసిన మూడింటికన్నా బాగుంది, అసూయగా ఉంది.

సుద్దముక్క – గురువారం, రాత్రి 11:56

థాంక్సండీ. డీటీపీ చేయించనా, చేత్తో రాయనా?

పాతబడి_పంతులు – శుక్రవారం, ఉదయం 5:05

చేత్తోనే రాయమ్మా. కొట్టివేతలుంటే ఉండనీ.

నిజమే_మాట్లాడదాం – శుక్రవారం, ఉదయం 9:15

మీరు ఆ స్కూల్లో చేరితే చెప్పండి. మా పాప స్కూలు అదేనా కాదా అని చూస్తా. (అదైతే బాగుండు.)

సుద్దముక్క – శుక్రవారం, రాత్రి 8:30

ఇచ్చి వచ్చాను. ఉద్యోగం సంగతి సోమవారం చెప్తారట. ఆయన చదువుతున్నంతసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏం లేదు. చదవడం అయ్యాక ఒక్కటే అడిగారు. "ఆ అమ్మాయికి ఆ మార్కు వేశావా తర్వాత?"

వేయలేదన్నాను. నేను ఆ నోటుబుక్కు చూసేసరికి ఏడాది అయిపోయింది, ఫీజు కట్టలేక వాళ్ళ నాన్న టీసీ తీసుకెళ్ళిపోయాడు. ఏ స్కూల్లో చేర్చారో తెలీదు.

ఆయన ఇంకేం అనలేదు. కాగితాలు మడిచి డ్రాయర్లో పెట్టుకున్నారు.

వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. ఆయన నంబరు నా పాత ఫోన్లో ఉండాలి. ఇంటికొచ్చి ఛార్జింగ్ పెట్టాను, ఇంకా ఆన్ అవ్వలేదు.